చెయ్యి తియ్యండి అత్తయ్యా

పోయిన వారం కథలో మనం కోడలిని గాజు పలక వెనక, చేతిలో సగం అరగదీసిన కళ్ళద్దంతో నిలబెట్టి వచ్చేశాం. అది కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది. ముందు గదిలో అత్త కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపిస్తుంది, ఆవిడ కొడుకు కళ్ళు పరీక్ష చేస్తాడు. వెనక గదిలో కోడలు అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. రెండు గదులకీ మధ్య నిలువెత్తు గాజు. నిన్న సాయంత్రం అత్త కౌంటరు దగ్గర కొడుకు చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది. ఆవిడ గొంతు ఇటువైపు రాలేదు కానీ, పెదాలు స్పష్టంగా కనిపించాయి.

"పిల్లలు వద్దని చెప్పరా. నీ మాటైతే వింటుంది."

కొడుకు తల ఊపాడు.

కోడలికి ఎడమ చెవి పెళ్ళికి ముందే పోయింది. కుడి చెవి ఉందంటే ఉంది. రెండు చెవుల నరాల మీదా గడ్డలు. "క్యాన్సరు కాదమ్మా, అలాగని ఊరుకునేదీ కాదు. చాలా అరుదుగా వస్తుంది" అని చెవి డాక్టరమ్మ చెప్పింది. అది తల్లి నుంచి వచ్చింది. పుట్టబోయే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, బొమ్మా బొరుసూ వేసినట్టు. ఇదంతా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. ఆమె కడుపులో ఇప్పటికే ఒక బిడ్డ ఉంది. ఆ సంగతి నోటిదాకా తెచ్చుకుని, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే గాజు అవతల ఆ మాట కనిపించింది.

చెవులు పనిచేసేవాళ్ళు కోపమొస్తే గది తలుపు వేసుకుంటారు. ఆమెకి అంత శ్రమ అక్కర్లేదు. ముఖం తిప్పుకుంటే చాలు, తలుపు వేసుకున్నట్టే. రాత్రి కంచంలోకి చూస్తూ తిన్నది. పొద్దున అత్త ఏదో అడగబోతే బీరువా వైపు తిరిగింది. భర్త భుజం తట్టి, "ఏమైందోయ్ చుక్కా?" అంటే, "తల తిరుగుతోంది" అంది. అది ఎప్పుడూ చెల్లే సాకు. పైగా సగం నిజం.

చుక్క అన్నది అతను పెట్టుకున్న పేరు. అద్దాన్ని అరగదీసే ముందు, కంటిపాప ఎదురుగా ఎక్కడికి వస్తుందో అక్కడ సన్నటి కలంతో ఒక చుక్క పెడతారు. అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి తప్పదు. ఆమె పెట్టిన చుక్క ఎప్పుడూ జరగలేదు. నడిచేటప్పుడు తూలే మనిషి, చీకట్లో గోడ పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యలేని మనిషి, ఆ కలం చేతికిస్తే మాత్రం రాయిలా నిలబడుతుంది.

అతను ఆమె కోసం మీసం తీసేసినవాడు. ఇక పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకోండి అని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రమే నున్నగా గీయించుకుని వచ్చాడు. "మీసం కింద దాచుకునేంత రహస్యాలు నాకేం లేవులే" అన్నాడు. అత్త కౌంటరు దగ్గరి నుంచి తలెత్తి, "రండి బాబూ, ఎలాంటి ఫ్రేము చూపించమంటారు?" అంది కొడుకుని.

అలాంటి అత్త. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. చెయ్యి అడ్డమొస్తే కోడలికి మాట అందదని, ఆ అలవాటు మానడానికి నానా తంటాలూ పడింది. నవ్వు రాగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. చూసేవాళ్ళకి బళ్ళో తప్పు చేసి నిలబడ్డ పిల్లలా ఉండేది. అంత ప్రేమగా చూసిన మనిషి కాబట్టే ఆ మాట అంత లోతుగా దిగింది.

మధ్యాహ్నం బేరాలు తగ్గాయి. కోడలు సానరాయి దగ్గర కూర్చుని పక్క దుకాణం దర్జీ ఆవిడ మామగారి అద్దాలు అరగదీస్తోంది. రాయి తిరుగుతుంటే దాని మీద సన్నటి ధారగా నీళ్ళు పడుతున్నాయి. ఈ మామగారి మీద ఇంట్లో ఒక నవ్వులాట ఉంది. పెదాల చదువు చెప్పిన టీచరు మొదటి పాఠంలోనే హెచ్చరించింది, ప, బ, మ ఒకే ముఖం ఉన్న ముగ్గురు తోబుట్టువులని, గొంతు వినపడకపోతే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమని. మాట, పాట, బాట పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. ఆ కొత్తల్లో దర్జీ ఆవిడ గాజు అవతల నిలబడి, "మామకి పళ్ళు వచ్చాయి" అంది సంబరంగా. మామగారి కట్టుడుపళ్ళు తయారై వచ్చాయని ఆవిడ సంబరం. కోడలు దాన్ని పాప అని చదువుకుని, బయటికొచ్చి, "పాలు తాగేటప్పుడు కొరుకుతోందా? జాగ్రత్తమ్మా" అంది. దర్జీ ఆవిడ నోరు తెరిచి ఉండిపోయింది. అత్త కౌంటరు మీద తల వాల్చి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

ఇప్పుడు అదే అత్త వెనక గదిలోకి వచ్చింది. కోడలు నేల మీద నీడ చూసింది గానీ తల తిప్పలేదు. అత్త కాసేపు నిలబడి చూసి, గోడ దగ్గరికి వెళ్ళి, ప్లగ్గు లాగి కింద పడేసింది. రాయి నెమ్మదించి ఆగింది.

"నా మొహం చూడు" అంది అత్త.

కోడలు రాయినే చూస్తోంది.

కళ్ళ పరీక్షకి వాడే ఫ్రేము ఒకటి బల్ల మీద ఉంది. గుండ్రంగా, బరువుగా, అద్దాలు మార్చి మార్చి వెయ్యడానికి వీలుగా ఉంటుంది. అత్త దాన్ని పెట్టుకుని, ఎత్తు తక్కువ స్టూలు లాక్కుని, సరిగ్గా కోడలి చూపు పడే చోట కూర్చుంది.

"నా మొహం బాగాలేదనే కదా చూడటం మానేశావు. ఇప్పుడెలా ఉంది?"

అచ్చం గుడ్లగూబలా ఉంది. కోడలికి నవ్వు రావలసింది, కన్నీళ్ళు వచ్చాయి.

"నిన్న మీరు ఆయనతో అన్నది నేను చూశాను."

అత్త ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చూశావా. మంచిదే. వాడెలాగూ చెప్పి ఉండడు. నువ్వు మొహం మాడ్చుకుని కూర్చుంటే వాడికి నోరు పెగలదు."

ఆ నింపాది చూసి కోడలికి ఒళ్ళు మండింది. "అంత సులువుగా ఎలా అనగలిగారు అత్తయ్యా?"

"సులువేముంది, కష్టమేముంది? నీ మంచికే అన్నాను."

"నా మంచికా?"

"మరి? ఉన్నపళంగా మానెయ్యమనలేదుగా. డాక్టరమ్మని అడిగే చేద్దాం. ఇవి వద్దంటే ఆవిడే ఇంకో రకం ఇస్తుంది."

"ఇంకో రకం ఇస్తుందా?"

"ఎందుకివ్వదు? తెల్లవి పడకపోతే పచ్చవి. పొడుగువి మింగలేకపోతే గుండ్రటివి. వాళ్ళ దగ్గర లేనివి ఏమున్నాయి?"

కోడలు కళ్ళు తుడుచుకుని అత్త పెదాల వైపు నిదానంగా చూసింది. "అత్తయ్యా, మీరు దేని గురించి మాట్లాడుతున్నారు?"

"నీ తల తిరుగుడుకి మింగుతున్నావే, ఆ బిళ్ళల గురించి. నువ్వు దేని గురించి?"

"ఇంకోసారి అనండి."

"బిళ్ళలు."

కోడలు చెయ్యి చాపి అత్త గొంతు మీద రెండు వేళ్ళు ఆనించింది. ఇదీ టీచరు నేర్పిందే. ప అనేటప్పుడు పెదాలు విడిపోయాకే గొంతు అదురుతుంది. బ అయితే పెదాలు మూసి ఉండగానే మొదలవుతుంది.

"మళ్ళీ అనండి."

"బిళ్ళలు, బిళ్ళలు, బిళ్ళలు. జపం చెయ్యమంటావా?"

వేళ్ళ కింద గొంతు ముందే అదిరింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ముగ్గురు తోబుట్టువుల పాఠం వందసార్లు నవ్వుకుంటూ చెప్పుకున్న మనిషికి, నిన్న గాజు దగ్గర అది గుర్తే రాలేదు. మనసులో ఉన్న భయమే ఎదురుగా కనిపిస్తే, ఇది నిజమేనా అని రెండోసారి ఎవరు చూస్తారు?

"నేను పిల్లలు అనుకున్నాను" అంది మెల్లగా. "పిల్లలు వద్దని చెప్పమన్నారనుకున్నాను."

అత్తకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముందు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే మారిపోయింది. చెయ్యి పాత అలవాటుగా నోటి మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి వెనక ఆవిడ ఏదో చెబుతూనే ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఒక్క మాటా కోడలికి అందలేదు.

"చెయ్యి తియ్యండి అత్తయ్యా. నాకు వినపడదు."

అత్త చెయ్యి తీసి, ఆ చేతిని కోడలి చేతుల్లోనే పెట్టేసింది, మళ్ళీ పైకి వెళ్ళకుండా.

"నిన్నటి నుంచీ ఆ మాట పెట్టుకుని తిరుగుతున్నావా తల్లీ? అన్నం కూడా అందుకేనా సరిగ్గా తినలేదు?"

"మరి బిళ్ళలు ఎందుకు వద్దన్నారు?"

"వారం నుంచి చూస్తున్నాను. అద్దం బిగించడానికి ప్లాస్టిక్ ఫ్రేము వేడి చేసే పనంతా వాడి మీదికే తోస్తున్నావు. ఆ వాసన రాగానే ముక్కు మూసుకుని పెరట్లోకి పోతున్నావు. వీడు కడుపులో ఉన్నప్పుడు నేనూ అలాగే పోయేదాన్ని. ఇదే గది, ఇదే వాసన. మీ మామగారు నేను పని దొంగనని అనుకున్నారు పాపం." అత్త గొంతు తగ్గించబోయి, తగ్గిస్తే కోడలికి అందదని గుర్తొచ్చి పెంచింది. "కడుపుతో ఉన్నవాళ్ళు ఆ బిళ్ళలు వాడొచ్చో లేదో ఎవర్నైనా అడిగావా?"

అడగలేదు. అడగాలంటే చెప్పాలి. చెప్పడానికి భయం.

"వాడి చేత పొద్దున్నే ఫోను చేయించాను. ఒక్కసారిగా ఆపొద్దు, రేపు తీసుకురండి, చూసి మారుస్తానందట డాక్టరమ్మ."

"ఆయనకి చెప్పేశారా?"

"నేనెందుకు చెబుతాను? కడుపులో మంట పుడుతోందేమోరా అన్నాను. వాడు నమ్మాడు. వాడు ఏం చెప్పినా నమ్ముతాడు, అది నా పెంపకం. ఆ మాట మాత్రం నువ్వు చెప్పాల్సింది. నేను తినేస్తే అరగదు."

కోడలు అత్త చేతిని అలాగే పట్టుకుని ఉంది. తేలికపడాలి, పడింది కూడా. కానీ అడుగున ఇంకొకటి మిగిలి ఉంది. దాన్ని అడగకుండా లేస్తే మళ్ళీ రేపు ఇంకో గాజు వెనక ఇంకో మాట కనిపిస్తుందని ఆమెకి తెలుసు.

"నిజం చెప్పండి అత్తయ్యా. మీకు ఆ మాట ఎప్పుడూ రాలేదా?"

 అత్త రెండో చేత్తో ఒళ్ళోని ఫ్రేము కాడలు మడిచింది, తెరిచింది.

"నోటికి రాలేదు. మనసుకి రాలేదంటే అబద్ధమవుతుంది. నీకిది ఉందని తెలిసిన రోజు దేవుడి ముందు కూర్చుని, ఇంత జబ్బు ఇచ్చావు, ఇది ఇంకొకరికి ఇవ్వకు, ఇక్కడితో ఆపెయ్యి అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఆపమన్నది జబ్బునా, మనుషుల్నా అని. ఆయన్నే అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. చెబుతూనే ఉన్నాడేమో, నాకే వినపడటం లేదేమో. నువ్వైతే పెదాలు చూసి పట్టుకుంటావు. ఆయన పెదాలు నాకు కనపడవు కదమ్మా."

కోడలు నవ్వింది. నవ్వుతూనే అంది, "మా అమ్మ గోడలు పట్టుకుని నడిచేది. ఏ జబ్బో ఎవరికీ తెలియదు. చెవిటి మాలోకం అనేవాళ్ళు. రేపు నా బిడ్డ కూడా గోడలు పట్టుకుంటే, తెలిసి తెలిసి కన్నావని నన్నడిగితే?"

"మీ అమ్మకి ముందే తెలిసి వద్దనుకుని ఉంటే నాకీ కోడలు ఉండేది కాదు."

"అది మీ లాభం. నేను అడిగేది నా సంగతి."

అత్త ఆ మాటకి తల ఊపింది. న్యాయమైన మాటే అన్నట్టు. "నీ సంగతి నువ్వే చెప్పాలి. పుట్టకపోతే బాగుండేదని నీకెప్పుడైనా అనిపించిందా?"

కోడలు ఆలోచించింది. ఎడమ చెవి పోయిన నెలలు గుర్తొచ్చాయి. వీధిలో తూలుతుంటే తాగిందని నవ్వినవాళ్ళు గుర్తొచ్చారు. ఆ వెంటే, మీసం గీయించుకుని సిగ్గుపడుతూ నిలబడిన అతని ముఖం గుర్తొచ్చింది. పోయినసారి సరైన జోడు పెట్టుకోగానే ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టి గర్వపడిన దర్జీ ఆవిడ మామగారు గుర్తొచ్చారు.

"అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు" అంది. "నిన్న అనిపించింది. ఆ మాట మీరన్నారనుకున్నప్పుడు."

ఈసారి అత్త చెయ్యి పైకి లేవబోయింది. కోడలు వదల్లేదు.

"అయితే నాకు అర్థమైంది" అంది అత్త, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "జబ్బుతో బతకొచ్చు. అక్కర్లేదనిపించుకుని బతకలేం. వచ్చేది ఎలాంటి చెవులతో వచ్చినా, ఈ ఇంట్లో ఆ రెండోది మాత్రం వినపడదు. మిగతాది డాక్టరమ్మని అడుగుదాం. ఆవిడకి తెలియనిది దేవుణ్ణి అడుగుదాం. ఆయనా చెప్పకపోతే మనమే చూసుకుందాం."

కోడలు అత్త భుజం మీద తల వాల్చింది. కుడి చెవి అత్త మెడకి ఆనింది. సన్నగా, దూరంగా, గోడ అవతల రేడియోలా ఆవిడ గొంతు వినిపించింది. ఏమంటోందో తెలియలేదు. తెలియాలని ఆమె పెదాలు చూడలేదు. ఆ చప్పుడు చాలు. ఈ ఒక్క చెవినీ ఆమె దాచుకుంటున్నది ఒక్క దాని కోసమే. బిడ్డ మొదటి ఏడుపు వినాలి. ఆ తర్వాత గడ్డకి ఆపరేషను అంటారో, ఏమంటారో, ఈ చెవి పోతే పోనీ అనుకుంది. దేవుణ్ణి ఆమె అడిగింది అదొక్కటే. మరీ ఎక్కువ అడగలేదని ఆమె లెక్క.

అత్త లేచింది. "వాణ్ణి పంపిస్తాను. కౌంటరు దగ్గర నేనుంటాను. గాజులోంచి చూడనులే."

"చూస్తారు."

"చూస్తాను" అని ఒప్పుకుని వెళ్ళింది.

కోడలు కూడా లేవబోయింది. గది ఒక్కసారి గిర్రున తిరిగింది. బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. కుడి చెవిలో ఏదో బిగుసుకుని, మెత్తగా మూసుకుపోయినట్టనిపించింది. ఇలా తిరగడం కొత్త కాదు. కాసేపట్లో గది నిలబడింది. కళ్ళు తెరిచేసరికి అతను గుమ్మంలో ఉన్నాడు, అమ్మ ఎందుకు పంపిందో తెలియని ముఖంతో. ఏదో అన్నాడు. ఏమైంది అని అయి ఉంటుంది.

ఆమె దర్జీ ఆవిడ మామగారి అద్దం తీసుకుంది. కలంతో చుక్క పెట్టింది. దాన్ని తన కడుపు ముందు పట్టుకుని చూపించింది.

"ఇంకో చుక్క" అంది.

అతను అద్దం చూశాడు, ఆమెని చూశాడు. అర్థమైన క్షణం అతని ముఖం మీద ఎంత తెలిసిపోయిందంటే, ఏ టీచరూ నేర్పకపోయినా చదవొచ్చు. రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకున్నాడు. పెదాలు మూసుకుని తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకుని తెరుచుకున్నాయి. ఆగి, మళ్ళీ అలాగే.

పాపా? బాబా? అని అడుగుతున్నాడు. పెదాల మీద రెండూ ఒక్కటే. ఆమెకి నవ్వొచ్చింది. ఏది ముందు అడిగాడో గొంతుని బట్టి తెలుస్తుంది కదా అని కుడి చెవి అతని వైపు తిప్పింది.

ఏమీ లేదు.

రాయి తిరుగుతున్న రొదలో కలిసిపోయిందేమో అనుకుంది. ఇంకోసారి అను అంది. అన్న మాట తనకే వినపడలేదు. అతను సంతోషంగా మళ్ళీ అన్నాడు. ఆమె చూపు సానరాయి మీదికి వెళ్ళింది. రాయి కదలడం లేదు. ప్లగ్గు నేల మీదే ఉంది, అత్త పడేసిన చోటే.

ఆమె నెమ్మదిగా చెయ్యెత్తి అతని గొంతు మీద రెండు వేళ్ళు ఆనించింది.

"ఇంకోసారి" అంది.

వేళ్ళ కింద గొంతు అదిరింది. పాప. తర్వాత ఇంకా ముందుగా అదిరింది. బాబు. వేళ్ళకి అంతా తెలుస్తోంది. చెవికి మాత్రం, గదిలో ఎవరూ లేనట్టే ఉంది.

ఆ మాట వినడం ఆమెకి తీపిగా ఉందనుకుని, అతను మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నాడు. ఆమె నవ్వుతూనే ఉంది. ఈ ఒక్క సాయంత్రం అతన్ని ఇలాగే ఉండనివ్వాలనుకుంది.

అతని భుజం మీదుగా గాజు అవతల అత్త కనిపించింది. చూడనని చెప్పి చూస్తున్న అత్త. ఆవిడ చూపు కోడలి నవ్వు మీంచి జారి, కొడుకు గొంతు మీద ఆనిన రెండు వేళ్ళ దగ్గర ఆగింది. అక్కడి నుంచి నేల మీది ప్లగ్గు దగ్గరికి వెళ్ళింది.

కోడలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

గాజు అవతల అత్త చెయ్యి మెల్లగా లేచి నోటి మీదికి వెళ్ళింది.